ఎరువు, ఖాతా, స్నేహితుడు: వీడియో ఆటల పంపకం వెనక ఉన్న ఆస్తి చరిత్ర

తెలుగులో అప్పు వేరు, ఎరువు వేరు. అప్పు తెచ్చిన బియ్యం వండుకు తిని, అదే కొలతకు వేరే బియ్యం తిరిగి పోస్తాం. ఎరువు తెచ్చిన నగను పెళ్లయ్యాక అదే నగగా అప్పగిస్తాం. పుస్తకం ఎరువిచ్చే వస్తువు. ఒకరి చేతిలో ఉన్నంతసేపూ ఇంకొకరి చేతిలో ఉండదు. ఈ చిన్న భౌతిక సత్యం మీదనే ప్రచురణకర్తకూ పాఠకుడికీ మధ్య ఒక ఒడంబడిక నూరేళ్లకు పైగా నిలబడింది. వీడియో ఆటలు డిస్కుల నుంచి ఖాతాల్లోకి మారినప్పుడు ఆ ఒడంబడిక ఎలా తెగిందో, తెగినచోట స్నేహితులు ఏ ముడి వేసుకున్నారో సాహిత్య విద్యార్థులు కూడా పరిశీలించాలి. ఆటకు పట్టిన గతి ఎలక్ట్రానిక్ పుస్తకానికీ పట్టింది గనుక.

ఆ ఒడంబడిక చట్టరూపం ధరించింది ఒక నవల కారణంగానే. 1904లో అమెరికాలో బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ 'ది కాస్టవే' నవల వేసి, ఒక డాలరుకు తక్కువగా అమ్మితే కాపీహక్కు ఉల్లంఘనగా పరిగణిస్తామని లోపల అచ్చువేసింది. న్యూయార్కులోని మేసీస్ దుకాణం దాన్ని 89 సెంట్లకు అమ్మింది. 1908లో ఆ దేశపు సుప్రీంకోర్టు దుకాణం పక్షాన తీర్పు చెప్పింది. ప్రతిని ఒకసారి అమ్మాక, ఆ ప్రతి తర్వాతి ప్రయాణం మీద ప్రచురణకర్తకు అదుపు లేదన్నది దాని సారాంశం. తిరిగి అమ్మినా, ఎరువిచ్చినా, ఊరికే ఇచ్చినా కొన్నవాడి ఇష్టం. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడి ఊరూరా పుస్తకం తిరగడం మొదలైనప్పుడు మనవాళ్లకు ఈ తీర్పుతో పనిలేదు. ఇచ్చిపుచ్చుకోవడం హక్కు అని ఎవరో చెప్పనక్కరలేదు.

ఆటలు క్యాసెట్లుగా, డిస్కులుగా ఉన్నన్నాళ్లూ ఇదే నడిచింది. నింటెండో సంస్థ అద్దె దుకాణాల మీద ఎంత కారాలు మిరియాలు నూరినా, అమెరికాలో సాఫ్ట్‌వేర్ అద్దెను నిషేధించిన 1990 చట్టం కన్సోల్ ఆటలను మినహాయించింది. జపానులో ఆటల కంపెనీలు, ఆట కూడా సినిమా వంటిదే కనుక పాత ప్రతుల అమ్మకానికి మా అనుమతి కావాలని వాదించాయి. ఆట సినిమా వంటిదేనని అక్కడి సుప్రీంకోర్టు 2002 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, మొదటి అమ్మకంతో పంపిణీ హక్కు తీరిపోయిందని తేల్చింది.

అయితే ఈ తీర్పులన్నీ వస్తువు గురించినవి. వస్తువే లేకుండా పోతే? కంపెనీ సర్వరు నుంచి దిగే ఆటకు మనం కొనేది ప్రతిని కాదు, వాడుకునే అనుమతిని. ఆ అనుమతి ఉండేది మన అలమరలో కాదు, మన పేరున ఉన్న ఖాతాలో. మొదట్లో కంపెనీలు ఈ విషయంలో కొంత ఉదారంగానే ఉన్నాయి. ప్లేస్టేషన్ 3లో ఒక ఖాతాతో కొన్న ఆటను ఐదు యంత్రాల్లో దించుకోనిచ్చారు. ఐదుగురు మిత్రులు చందా వేసుకుని ఒక ఆట కొనుక్కునే అలవాటు దానితోనే పెరిగింది. 2011 నవంబరులో సోనీ ఆ ఐదును రెండు చేసింది.

అసలు ఘర్షణ 2013లో బయటపడింది. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ వన్‌కు జూన్ 6న ప్రకటించిన నియమాలు చదివితే బడిలో హాజరుపట్టీ గుర్తుకొస్తుంది. యంత్రం 24 గంటలకొకసారి ఇంటర్నెట్ ద్వారా హాజరు పలకాలి. డిస్కు కొన్నా ఆట ఖాతాకే అంటుకుంటుంది. ఆ డిస్కును స్నేహితుడికి ఇవ్వవచ్చు గాని, అతడు కనీసం 30 రోజులుగా మన స్నేహితుల జాబితాలో ఉండాలి. ఒక్కో ఆటను ఒక్కసారే ఇవ్వాలి. అదీ ప్రచురణ సంస్థ సరేనంటేనే. ఎరువివ్వడం మాత్రం మొదట్లో కుదరదన్నారు. స్నేహానికి వయసు లెక్కకట్టిన వాణిజ్యపత్రం ఇంకొకటి ఉందేమో నాకు తెలియదు.

నాలుగు రోజుల తర్వాత సోనీ ఒక బోధనాచిత్రం విడుదల చేసింది. నిడివి అర నిమిషం లోపు. షుహెయ్ యోషిడా ఒక డిస్కును ఆడమ్ బాయ్స్ చేతికిస్తాడు, అతడు పుచ్చుకుంటాడు, అంతే. జనం విరగబడి నవ్వారు. జూన్ 19న మైక్రోసాఫ్ట్ తన నియమాలను వెనక్కి తీసుకుంది. దీన్ని వినియోగదారుల విజయంగా చెప్పడం పరిపాటి. ఆ మాటలో సగమే నిజం. గెలిచింది డిస్కు. ఆ డిస్కేమో అప్పటికే తెరమరుగయ్యే దారిలో ఉంది. వెనక్కి తీసుకున్న నియమాలతోపాటు, పదిమంది దాకా కుటుంబసభ్యులు ఒక ఖాతాలోని ఆటలన్నీ వాడుకోవచ్చన్న వాగ్దానం కూడా పోయింది. ఖాతాలోని ఆటకు పాత హక్కు వర్తించాలని ఆ గోలలో గట్టిగా అడిగినవాళ్లు తక్కువ.

అడగనిదాన్ని స్నేహితులు చేసి చూపించారు. ఎక్స్‌బాక్స్ ఖాతాకు ఒక యంత్రాన్ని 'ఇల్లు'గా నిర్ణయించుకోవచ్చు. ఆ యంత్రం మీద ఎవరు కూర్చున్నా ఆ ఖాతాలోని ఆటలు ఆడవచ్చు. ఖాతాదారు మాత్రం తన పేరుతో ప్రవేశించి ఏ యంత్రం మీదనైనా ఆడవచ్చు. దీన్ని చూసి మిత్రులిద్దరు ఇళ్లు మార్చుకున్నారు. నా ఖాతాకు నీ యంత్రం ఇల్లు, నీ ఖాతాకు నా యంత్రం ఇల్లు. ఒకరు కొన్న ఆటను ఇద్దరూ ఏకకాలంలో ఆడవచ్చు. ప్లేస్టేషన్ 4లోనూ ఇదే కిటుకు 'ప్రధాన యంత్రం' అన్న పేరుతో సాగింది. ఇది ఎరువు కాదు, ఇచ్చినవాడి దగ్గర తరగలేదు గనుక. దొంగతనం అనడానికీ నోరు రాదు, కంపెనీ పెట్టిన తలుపులోంచే వెళ్లారు గనుక. ఏడాదికి ఐదుసార్లు మాత్రమే ఇల్లు మార్చనిచ్చి మైక్రోసాఫ్ట్ ఆ తలుపుకు గొళ్లెం బిగించింది, మూసివేయలేదు.

ఇందులో ఇచ్చేది ఏమిటన్నది ఆలోచించాలి. పుస్తకం ఎరువిచ్చినప్పుడు పుస్తకాన్నే ఇస్తాం. ఇక్కడ అవతలివాడి యంత్రంలోకి నా పేరుతో నేను ప్రవేశించాలి. చాలాచోట్ల అది సంకేతపదాన్ని అప్పగించడంతోనే జరుగుతుంది. దాని వెనక నా బ్యాంకు కార్డు, ఉత్తరాలు, కొన్నవన్నీ ఉంటాయి. స్నేహం చెడితే పోయేది ఒక డిస్కు కాదు, మొత్తం అలమర. సంకేతపదం ఎవరికీ ఇవ్వకూడదని సాధారణంగా ఒప్పందపత్రాల్లో ఉంటుంది. కాబట్టి మోసపోయినవాడు ఫిర్యాదుకు వెళితే తప్పు తన మీదికే వస్తుంది.

తయారుచేసినవాళ్ల శ్రమ మాటేమిటని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. ఒక పత్రిక కొని పదిమంది చదివే దేశంలో పత్రిక నడిపేవాళ్లకు దాని బాధ తెలుసు. కాని ఆ పదిమందిలోంచే రేపటి చందాదారూ, రేపటి రచయితా వస్తారని కూడా వాళ్లకే తెలుసు.

న్యాయస్థానాలు ఇటూ అటూ ఊగాయి. దింపుకున్న సాఫ్ట్‌వేర్‌ను కూడా తిరిగి అమ్మవచ్చని ఐరోపా న్యాయస్థానం 2012లో చెప్పింది. దాన్ని ఆధారం చేసుకుని ఫ్రెంచి వినియోగదారుల సంఘం ఒకటి స్టీమ్ దుకాణం నడిపే వాల్వ్ మీద దావా వేసి 2019లో పారిస్‌లో గెలిచింది. 2022లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఆట ఒట్టి సాఫ్ట్‌వేర్ కాదు, బొమ్మ, పాట, కథ కలిసిన సంకీర్ణ రచన అన్నది కారణం. ఆట కళ కూడా అని జపానులో ఒప్పుకున్నప్పుడు కొన్నవాడికి హక్కు మిగిలింది, పారిస్‌లో ఒప్పుకున్నప్పుడు పోయింది. కాలిఫోర్నియా చట్టం ఇంకో దారి పట్టింది. కొన్నవాడికి ఇస్తున్నది అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అన్న మాట వాడకూడదని 2025 జనవరి నుంచి అమలు చేసింది. హక్కు ఇవ్వలేదు, క్రియాపదాన్ని సరిదిద్దింది.

ఈలోగా కంపెనీలే పంపకాన్ని సౌకర్యంగా అందించాయి, ఒకే షరతుతో: పుచ్చుకునేవాడు స్నేహితుడు కాదు, కుటుంబం. 2024లో వచ్చిన స్టీమ్ కుటుంబ పథకంలో ఆరుగురికి చోటుంది. వాళ్లు ఒకే ఇంటివాళ్లై ఉండాలన్నది వాల్వ్ ఉద్దేశం. ఒకరు వెళ్లిపోతే ఆ ఖాళీ నింపడానికి ఏడాది ఆగాలి. నీ ప్రతితో ఆడుతూ తమ్ముడు మోసం చేసి బహిష్కృతుడైతే ఆ ఆటలో నీకూ బహిష్కారమే. ఉమ్మడి కుటుంబపు శిక్షాస్మృతి అన్నమాట.

2025లో నింటెండో తెచ్చిన పద్ధతి మరీ చిత్రం. లేని డిస్కును తెరమీద కార్డు బొమ్మగా మళ్లీ సృష్టించింది. కుటుంబ బృందంలో ఒకరికి, ఒకసారికి ఒక ఆట ఎరువివ్వవచ్చు. ఇచ్చేటప్పుడు రెండు యంత్రాలూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఎరువులో ఉన్నంతకాలం ఇచ్చినవాడు ఆ ఆట ఆడలేడు. 2 వారాలు తీరగానే, ఎవరూ అడగకుండానే, అది ఇచ్చినవాడి దగ్గరికి వచ్చేస్తుంది.