వతన్ బిల్లు పెట్టిన బారిస్టరు

ఏప్రిల్ 14 సభల్లో మనం బాబాసాహెబ్ గురించి మాట్లాడేటప్పుడు నేరుగా రాజ్యాంగం దగ్గరికి వెళ్లిపోతాం. రాజ్యాంగ సభలో అడుగుపెట్టే నాటికే ఆయనకు బొంబాయి చట్టసభలో పన్నెండేళ్ల అనుభవం ఉందన్న సంగతి మన ఉపన్యాసాల్లో అరుదుగా వినిపిస్తుంది.

1926 చివర్లో గవర్నరు ఆయన్ను బొంబాయి శాసనమండలికి నామినేట్ చేశారు. నామినేటెడ్ సభ్యుడంటే సర్కారు మాట కాదనడని లోకం అనుకునేది. 1927 మార్చిలో విద్యాపద్దు మీద ఆయన అడిగిన లెక్క వినండి: తలకు 14 అణాలు చదువుకు ఖర్చుపెడుతూ, సారా మీద రెండు రూపాయల పైచిలుకు వసూలు చేసే ప్రభుత్వం మీది! అదే నెల 20న మహద్ చెరువు నీళ్లు తాగారు. ప్రజల చెరువులు అందరికీ తెరవాలని ఎస్.కె. బోలే తీర్మానాన్ని 1923లో ఆమోదించింది కూడా ఈ మండలే. నాలుగేళ్లయినా తీర్మానం కాగితం దాటలేదు.

అన్నిటికంటే మనం ఆగి చదవాల్సింది 1928 మార్చిలో ఆయన పెట్టిన వతన్ బిల్లు. మహర్లకు ఊరి చాకిరీ వంశపారంపర్యం. దానికి ప్రతిఫలంగా కాస్త ఇనాం భూమి, రైతులు కల్లంలో విదిలించే బలుతా గింజలు. 1874 నాటి చట్టం ఆ చాకిరీకి వేళాపాళా పెట్టలేదు. పగలైనా అర్ధరాత్రయినా కబురొస్తే పోవాలి. వతన్‌దారు ఊళ్లో లేకపోతే ఇంట్లో ఇంకొకరు పోవాలి. మన వెట్టి, నీరడి, మస్కూరి కుటుంబాల పెద్దలకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

దీన్ని ఆచారమని సరిపెట్టుకోకుండా చట్టం కట్టిన ముడిగా చూడటంలోనే ఆయన న్యాయవాది చూపు ఉంది. బిల్లు అడిగింది పెద్ద విప్లవమేం కాదు. పూర్తి శిస్తు కట్టుకుని భూమి ఉంచుకుంటాం, చాకిరీ నుంచి వదలండి. బలుతాను డబ్బు రూపంలోకి మార్చి భూమిశిస్తుతో పాటు వసూలు చేయండి. అడుక్కునే గింజ కాస్తా జీతమవుతుంది. ఆ మాత్రానికే సభ వణికిపోయింది. సెలెక్ట్ కమిటీ నుంచి రూపు చెడి వచ్చిన బిల్లును ఆయన 1929లో వెనక్కి తీసుకున్నారు. కుంటి చట్టం కన్నా చేతులు దులుపుకోవడమే మేలనుకున్నారని మా అభిప్రాయం.

అదే 1928లో, కార్మిక స్త్రీల ప్రసూతి సెలవు బిల్లుకు గట్టిగా అండగా నిలిచారు. మరుసటి ఏడు అది చట్టమైంది.

1937లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ తరఫున ఎన్నికల్లో గెలిచి అసెంబ్లీకి వచ్చారు. ఈసారి ఎదురుగా ఉన్నది కాంగ్రెస్ మంత్రివర్గం. సెప్టెంబరులోనే కొంకణ్ రైతుల నెత్తిన కూర్చున్న ఖోత్‌ల పద్ధతిని రద్దుచేసే బిల్లు తెచ్చారు. 1938 జనవరిలో వేలాది రైతులు బొంబాయి వీధుల్లో నడిచారు. వాళ్లలో మహర్లున్నారు, కుణ్బీలున్నారు. ఈ కలయికను మనం ఇంకా సరిగా చదవలేదేమో. సమ్మె హక్కును బిగించే బిల్లును ఆ ఏడాదే సభలో ఎదిరించారు. అది నెగ్గడంతో నవంబరు 7న కార్మికులతో ఒకరోజు సమ్మె చేయించారు.

ఖోతీ పద్ధతి 1949లో రద్దయింది. మహర్ వతన్ రద్దు చట్టం 1958లో వచ్చింది. బిల్లు పెట్టి అప్పటికి ముప్ఫై ఏళ్లు. నాగపూర్ దీక్ష జరిగి రెండేళ్లు. బిల్లు పెట్టినాయన లేరు.