బల్హార్షా దాటితే పరాయి ఫోను

మన దేశంలో సెల్‌ఫోనుకు పొలిమేరలుండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఉండేవి. అవి ఎక్కడెక్కడ ఉండేవో నాకు ఏపీ ఎక్స్‌ప్రెస్ కిటికీ నేర్పింది.

మాది పోచంపల్లి పక్క ఊరు. చేనేత సంఘం తరఫున ఇక్కత్ చీరలు, దుప్పట్లు మూటలు కట్టుకుని ఢిల్లీ పోయి అమ్ముకురావడం నా ఉద్యోగం. ఏటా నవంబరు 14న ప్రగతి మైదానంలో వాణిజ్య మేళా మొదలవుతుంది, అది తప్పదు. మిగతా కాలంలో, 1994లో తెరిచిన ఢిల్లీ హాట్‌లో స్టాలు దొరికినప్పుడల్లా ప్రయాణమే. పొద్దున హైదరాబాదులో ఎక్కితే మర్నాడు పొద్దున ఢిల్లీలో దిగడం. ఆ ఒక పగలు, ఒక రాత్రి ఇంటికీ నాకూ మధ్య మాట ఎలా నడిచిందో, దానికి ఎవరెవరు ఎంతెంత వసూలు చేశారో చెప్పాలనిపించింది.

ఈ రైలు 1976లో మొదలైంది. అప్పట్లో సంఘం సరుకు మోసుకెళ్లింది మా మేనమామ. ఆయన కాలంలో రైలెక్కిన మనిషి ఉన్నట్టా లేనట్టా అన్నది చేరాక గానీ తెలియదు. ఢిల్లీలో దిగి టెలిగ్రాం ఇవ్వొచ్చు కానీ, ఊళ్లో టెలిగ్రాం వచ్చిందంటే చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి. అందుకని క్షేమసమాచారానికి ఆయన దాని జోలికే పోలేదు. ఇక ట్రంకు కాలు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు తరగతులు. నంబరు రాసిచ్చి, తపాలా ఆఫీసు బల్ల మీద కూర్చుని, లైను కలిసిందని పిలిచేదాకా కాచుకోవాలి. లైట్నింగుకు ఆర్డినరీ కంటే ఎనిమిది రెట్లు. చీరల మీద వచ్చే లాభం ఆ ఒక్క కాలుకే సరిపోయేది. దేశంలో ఆపరేటరు లేకుండా నేరుగా దూరపు ఊరికి డయల్ చేసుకునే ఎస్టీడీ 1960లోనే కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. అది మా పల్లెల దాకా రావడానికి పాతికేళ్లకు పైనే పట్టింది.

తెచ్చింది సి-డాట్. 1984లో పెట్టిన ఈ ప్రభుత్వ సంస్థ, శామ్ పిట్రోడా వంటివాళ్ల చొరవతో, పల్లెల కోసం చిన్న ఎక్స్ఛేంజీ తయారుచేసింది. 128 లైన్లది. ఏసీ గది అక్కర్లేకుండా మన ఎండల్లో, మన దుమ్ములో పనిచేయడం దాని గొప్ప. పట్నంవాళ్లకు ఇదేం వింత అనిపించవచ్చు. ఏసీ సంగతి అటుంచి ఫ్యాను తిరగడానికే కరెంటు ఉండని ఊళ్లకు ఫోను రావడమంటే చిన్న విషయం కాదు. ఆ వెనకే ప్రతి సెంటరులో, ప్రతి ప్లాట్‌ఫారం మీద పసుపు బోర్డు, ఎర్రంకెల మీటరు వెలిశాయి. ఈ ఎస్టీడీ బూతుల కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఇచ్చేవారు. ఆ మీటరు మీద కుటుంబాలు నిలబడ్డాయి.

నేను సంఘంలో చేరేనాటికి బూతుల రాజ్యం నడుస్తోంది. మా ఇంట్లో ఫోను లేదు. కిరాణా కొట్టు శేటు నంబరే మాకు పీపీ నంబరు. ఫోను చేసి, "శేటూ, మావాళ్లను జర పిలువు" అని పెట్టేసి, కాసేపాగి మళ్లీ చేయాలి. మనిషి వచ్చేదాకా లైను మీద ఉంటే మీటరు ఊరుకోదు. ఒకచోట కుదురుగా ఉండి చేసేటప్పుడు ఇది బాగానే ఉంటుంది. రైల్లోంచి ఎలా? బండి ఆగేది కొద్ది నిమిషాలు. బూతు ముందు అప్పటికే పదిమంది. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మధ్యాహ్నం నాగపూరులో దిగి శేటుకు చెప్పడం, చీకటి పడ్డాక ఇటార్సీలో ఇంటివాళ్లతో మాట్లాడడం. పిలుపు మహారాష్ట్రలో, మాట మధ్యప్రదేశ్‌లో! మా ఆవిడ కొట్టు బల్ల మీద కూర్చుని ఎదురుచూసేది. చలికాలంలో పొగమంచుకు బండి గంటలకొద్దీ ఆలస్యమైతే శేటు కొట్టు కట్టేసేవాడు. ఇక ఆ రాత్రికి అంతే.

ఇదంతా పోయి సుఖపడే రోజు వచ్చిందని 1995లో పేపర్లు రాశాయి. జూలై 31న కలకత్తాలో ముఖ్యమంత్రి జ్యోతి బసు సెల్‌ఫోను తీసుకుని ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. దేశంలో మొదటి మొబైల్ కాలు అదే. అప్పటి రేటు రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయలు దాటేది. చేసినా డబ్బే, ఎత్తినా డబ్బే. ఢిల్లీ మేళాలో ఒక ఎగుమతి వ్యాపారి మోగుతున్న ఫోను తీసి, నంబరు చూసి, పెట్టేసి, మా స్టాలు పక్కనున్న బూతుకు నడిచివెళ్లి మాట్లాడడం నేను కళ్లారా చూశాను.

అసలు కథ రేటులో లేదు, గీతల్లో ఉంది. 1994 టెలికాం విధానం తర్వాత ప్రభుత్వం సెల్‌ఫోను లైసెన్సులను దేశమంతటికీ కలిపి ఇవ్వలేదు. నాలుగు మహానగరాలు విడిగా, మిగతా దేశాన్ని సర్కిళ్లుగా కోసి, ఒక్కో సర్కిలుకు ఇద్దరేసి కంపెనీలకు అమ్మింది. సర్కిళ్లకు ఎ, బి, సి తరగతులు. మన ఆంధ్రప్రదేశ్ ఎ తరగతి. ఇక్కడ టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ వచ్చాయి. హైదరాబాదులో ఫోను కొన్నవాడికి ఆదిలాబాదు దాకా సొంతూరే. ఆ పైన పరాయి రాజ్యం. ఎవరి సర్కిలు వారి జమీను, పైవాడు కాలు పెడితే సుంకం కట్టాలి. దానికి రోమింగ్ అని పేరు. కదిలే మనిషి కోసం కనిపెట్టిన ఫోనుకు కదిలితే జరిమానా వేయడం మనవాళ్లకే చెల్లింది.

ఆ జమీన్ల పొలిమేరలు తెలియాలంటే ఏపీ ఎక్స్‌ప్రెస్‌ను మించిన బడి లేదు. నా చేతికీ ఫోను వచ్చాక, సిర్పూర్ కాగజ్‌నగర్ దాటి మాకుడి వచ్చేసరికి అది తడబడేది. టవరుకు రాష్ట్రపు గీత కనబడదు కదా! కాసేపు మహారాష్ట్ర సిగ్నలు, మళ్లీ మనది, మళ్లీ వాళ్లది. బల్హార్షాలో బండి ఆగేసరికి స్వాగతం పలుకుతూ మెసేజీ. నాగపూరు దాటి, పాంఢుర్ణా దగ్గర మధ్యప్రదేశ్. ఆమ్లా, బేతుల్ దాటాక సాత్పుడా కొండల్లో సొరంగాలొస్తే ఏ రాజ్యమూ లేదు, ప్రశాంతం. భోపాల్ తర్వాత జనం నిద్రలో పడతారు. అసలు హడావుడి అప్పుడే. లలిత్‌పూర్, ఝాన్సీ ఉత్తరప్రదేశ్ తూర్పు సర్కిలు. మ్యాపు చూస్తే ఝాన్సీ ఎక్కడ, తూర్పు ఎక్కడ? టెలికాం శాఖ లెక్క అంతే. దతియా, గ్వాలియర్ మళ్లీ మధ్యప్రదేశ్. చంబల్ దాటాక ధోల్‌పూర్ రాజస్థాన్, కునుకు తీసేలోగా అయిపోతుంది. ఆగ్రా, మథుర ఉత్తరప్రదేశ్ పడమర సర్కిలు. పల్వల్ హర్యానా. ఫరీదాబాదు హర్యానాలోనే ఉన్నా ఫోను లెక్కలో ఢిల్లీ. ఒక్క రాత్రిలో ఇన్ని రాజ్యాల స్వాగతాలు అందుకున్నవాణ్ణి నేను. పై బెర్తు మీదివాళ్లు విసుక్కునేవాళ్లు.

పరాయి సర్కిల్లో మన ఫోను ఎలా మోగేదో ఒక మేళాలో పరిచయమైన టెలికాం ఇంజినీరు చెప్పాడు. మన నంబరు చిట్టా సొంత సర్కిల్లోనే ఉంటుంది. ఫోను కొత్త టవరు కిందికి రాగానే ఆ ఊరి ఎక్స్ఛేంజీ హైదరాబాదును అడుగుతుంది, వీడు మీవాడేనా, డబ్బు కట్టేవాడేనా అని. అవునంటే చేర్చుకుంటుంది. మనకెవరైనా ఫోను చేస్తే అది ముందు హైదరాబాదు వెళ్లి, అక్కణ్ణుంచి మనమున్న చోటికి పరుగెడుతుంది. ఢిల్లీ హాట్‌లో నా పక్క స్టాలు పుట్టపాక తేలియా రుమాళ్లవారిది. ఆయనదీ హైదరాబాదు నంబరే. బల్లకు ఈ పక్క నుంచి నేను ఫోను చేస్తే మాట హైదరాబాదు వెళ్లి ఢిల్లీకి తిరిగొచ్చి ఆయన చెవిలో పడేది. ఆ రానుపోను ఖర్చు ఇద్దరం పంచుకునేవాళ్లం.

2003 మే నుంచి, వచ్చిన ఫోను ఎత్తడం దేశమంతటా ఉచితమైంది. అంతకు కొద్ది నెలల ముందు రంగంలోకి దిగిన రిలయన్స్, ఆ జూలైలో 501 రూపాయలకు ఫోను అని ఊదరగొట్టింది. మా ఊళ్లో మగ్గాల పక్కన ఫోన్లు వేలాడిన ఏడాది అది. అయితే ఆ ఉచితం ఇంటిపట్టున ఉన్నవాళ్లకే. రోమింగ్‌లో ఎత్తితే చార్జీ అలాగే ఉంది. ఊళ్లోవాళ్లకు ఈ తేడా ఎక్కేది కాదు. "ఫ్రీయే గద బావా, మాట్లాడు" అని మా బావమరిది ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు. ఇక్కడ నా బ్యాలెన్సు కరిగిపోయేది.

అందుకే మిస్డ్ కాలు పుట్టింది. దీన్ని పిసినారితనమన్నవాళ్లున్నారు. నా దృష్టిలో అది పేద ప్రయాణికుడు తయారుచేసుకున్న టెలిగ్రాం, అదీ ఏడుపులు పుట్టించనిది. ఒక రింగైతే నాగపూరు చేరినట్టు, రెండైతే భోపాల్, మూడైతే బండి లేటు. అటునుంచి ఒక రింగొస్తే అందరూ కులాసా. రింగు మీద రింగొస్తే మాత్రం ఖర్చు చూడకుండా ఎత్తాలి.

రెండో ఉపాయం రెండో సిమ్ము. ఫొటో, చిరునామా కాగితం ఇచ్చి ఢిల్లీలో ఒక ప్రీపెయిడ్ సిమ్ము తీసుకునేవాణ్ణి. రైల్లో దాన్ని సూదుల డబ్బాలో దాచి, ఫరీదాబాదు రాగానే ఫోను వెనక మూత తీసి బ్యాటరీ ఎత్తి మార్చేవాణ్ణి. డబ్బాలో ఒకడు, బయట ఒకడు. మేళా అయిపోయాక రీచార్జి చేయకపోతే ఆ నంబరు చచ్చిపోయేది, మళ్లీ ఏడాదికి కొత్తది. మా ఢిల్లీ ఖాతాదారుల పుస్తకాల్లో నా పేరు కింద నాలుగైదు కొట్టివేతలుండేవి. రెండు సిమ్ముల ఫోను వచ్చాక ఈ బాధ తప్పింది. ఆ ఫోన్లు మన దేశంలో అంతగా అమ్ముడుపోవడానికి ఈ సర్కిళ్లే ఒక కారణమని నా నమ్మకం. గోడ కట్టినవాడికి, నిచ్చెన అమ్మినవాడికి ఇద్దరికీ లాభమే.

గోడ ఒక్కసారిగా కూలలేదు. 2006లో బీఎస్ఎన్ఎల్ దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి పథకం తెచ్చింది. 2007లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ రోమింగ్ నెలసరి అద్దె తీసేసి, వచ్చే కాలుకు 1.75 రూపాయలు మించకూడదంది. 2013లో అది 75 పైసలు, 2015లో 45 పైసలు. ఆ ఏడాది జూన్ 15 నుంచి బీఎస్ఎన్ఎల్ రోమింగ్‌లో వచ్చే కాలును ఉచితం చేసింది. 2016 సెప్టెంబరులో జియో అసలు రోమింగే లేదంటూ దిగింది, తర్వాతి ఏప్రిల్లో ఎయిర్‌టెల్ కూడా దేశంలో రోమింగ్ చార్జీలు ఎత్తేసింది. అంటే ఇరవై ఏళ్లపాటు తప్పనిసరి అన్న సుంకం, పోటీ మీద పడగానే ఏడాది తిరక్కుండా పోయింది. అంత ఖర్చు నిజంగా ఉండేదా అన్న అనుమానం నాకింకా తీరలేదు.

ఇంటర్నెట్ విషయానికొస్తే, రైల్లో అది చాలాకాలం కిటికీ ఊచలకు వేలాడింది. డేటా కార్డును పొడుగు తీగతో ల్యాప్‌టాప్‌కు తగిలించి కిటికీ బయటికి పెట్టిన కుర్రాళ్లను ఎందరినో చూశాను. 2013లో హౌరా రాజధానిలో ఉపగ్రహం ద్వారా వైఫై పెట్టి చూశారు. రైళ్లలో వైఫై గిట్టుబాటు కాదని, ఆ ప్రయత్నం మానుకున్నామని 2021లో రైల్వే మంత్రి పార్లమెంటుకు చెప్పారు. స్టేషన్లలో మాత్రం అది నిలబడింది. రైల్‌టెల్, గూగుల్ కలిసి 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో మొదలుపెట్టి, ఏప్రిల్లో మన విజయవాడ, కాచిగూడ, విశాఖపట్నాలతో పాటు భోపాల్‌లోనూ పెట్టాయి. భోపాల్‌లో బండి ఆగినంతసేపూ ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఆ వేగానికి ఆశ్చర్యపోతూ, కొత్త చీరల ఫొటోలు ఢిల్లీ ఖాతాదారులకు వాట్సాప్ చేసేవాణ్ణి. దిగేలోగా బేరం సగం అయ్యేది. ఎర్నాకుళంలో ఒక రైల్వే కూలీ మూటలు మోస్తూ ఆ వైఫైతోనే పాఠాలు విని కేరళ పబ్లిక్ సర్వీసు రాతపరీక్ష గట్టెక్కాడు. మొబైల్ డేటా చవకయ్యాక 2020లో గూగుల్ తప్పుకుంది. రైల్‌టెల్ కొనసాగిస్తోంది, ఇప్పుడది ఆరు వేలకు పైగా స్టేషన్లలో ఉంది.

రాష్ట్రం 2014లో రెండైంది. మరుసటేడు నా రైలు తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయింది. మొబైల్ లైసెన్సుల లెక్కలో మాత్రం రెండు రాష్ట్రాలూ కలిపి ఇప్పటికీ ఒకే ఆంధ్రప్రదేశ్ సర్కిలు. ఎవరూ దాని కోసం కొట్లాడలేదు, గీత దాటితే డబ్బు పోవడం మానేశాక గీతతో ఎవరికి పని?

ఒక్క పొలిమేర మాత్రం మిగిలింది. జమ్మూ కశ్మీర్‌కు సెల్‌ఫోను 2003 ఆగస్టులో గానీ రాలేదు, భద్రత కారణాల వల్ల. ఆ కారణంగానే వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ నేటికీ పనిచేయవు. పఠాన్‌కోట్ దాటి జమ్మూ నేల మీదికి రాగానే మన ఫోను మూగబోతుంది, రీచార్జి ఎంతున్నా సరే. వైష్ణోదేవికి, అమర్‌నాథ్‌కు పోయే మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి అక్కడికెళ్లాకే తెలుస్తోంది. బృందంగా పోయేవాళ్లు కనీసం ఒక్కరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ సిమ్ము ఉండేలా చూసుకోండి. అది లేకపోతే ఆధార్ కార్డు దగ్గరుంచుకుని అక్కడే సిమ్ము కొనండి. ఇంటి నంబర్లు, బస నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.