సుంకపు బాట – కనుమ దారి

సుంకరి యెదుట సుఖదుఃఖములు చెప్పుకొని లాభము లేదని మన సామెత. ఇటలీలో 1924లో మిలాను, వరేసే పట్టణముల నడుమ మోటారు బండ్లకే ప్రత్యేకించిన బాట తెరచినప్పుడే దానితో సుంకమును వచ్చినది. 1960లో బొలోనా, ఫ్లారెన్సు నగరముల నడుమ అట్టి బాట ఏర్పడగా, 903 మీటర్ల ఎత్తున ఫూతా కనుమ మీదుగా సాగు పాత దారిని దూరప్రయాణికులు విడిచిరి. ఆ దారికి సుంకము లేదు, మలుపులు మెండు. ధనమును లెక్కించిన కనుమ దారి చవుక. కాలమును లెక్కించిన సుంకపు బాట మేలు.

కాని 1944లో జర్మనులు తమ రక్షణశ్రేణిని ఈ కనుమ మీదుగనే నిర్మించిరి. నేడచ్చట 30,000కు పైగా జర్మను సైనికుల సమాధులున్నవి. సుంకపు బాటన పోవువారికి అవి కానరావు. తొందర గలవారు సుంకము చెల్లించుటలో తప్పు లేదు. ఒక పూట వ్యవధి గలవారు మాత్రము కనుమపై కొంతసేపు బండి నిలుపవలెనని మేము కోరుచున్నాము.