ఏ శంకరమఠం దగ్గర?

హైదరాబాదులో ఆటో ఎక్కి "శంకరమఠం" అంటే చాలు, బండి నల్లకుంట వైపు తిరుగుతుంది. అదే మాట విశాఖపట్నంలో అంటే అక్కడి శంకరమఠం రోడ్డుకు పోతుంది. ఇందులో చిక్కేమీ లేదు. కానీ నల్లకుంట మనిషి విశాఖలోని బంధువుకు "మా ఇల్లు శంకరమఠం దగ్గరే" అని ఉత్తరం రాశాడనుకుందాం. చదివేవారు తలచుకోవాల్సింది ఏ మఠాన్ని? రాసిన ఊరిదా, చదువుతున్న ఊరిదా? రాసిన ఊరిదే అని మనకు వెంటనే తెలిసిపోతుంది. ఆ సంగతి కంప్యూటరుకు నేర్పడానికి మాత్రం ప్రపంచంలోని మేటి గణితవేత్తలకు ఏళ్ళూ పూళ్ళూ పట్టింది.

కంప్యూటరు లోపల అసలు పేర్లంటూ ఉండవు. ఉండేవి చిరునామాలు, అవీ అంకెలే. మన ఊళ్ళోనే దీనికి సాక్ష్యం ఉంది. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరు ఇవాళ ఏఎస్ రావు నగర్‌గా నిలిచి ఉంది. ఆ సంస్థ తొలినాళ్ళలో బయటికి తెచ్చిన టీడీసీ-12 కంప్యూటరు పన్నెండు బిట్ల యంత్రం. పన్నెండు బిట్లతో రాయగలిగే వేర్వేరు అంకెలు 4,096. ప్రోగ్రామర్ 'ధర' అని రాసుకున్న పేరును ఇలాంటి ఒక అంకెకు ముడిపెట్టేదాకా ఏ యంత్రమూ అడుగు ముందుకు వేయదు. ఆ ముడి ఎప్పుడు వేయాలి, పేరును ఎక్కడ వెతికి వేయాలి అన్నదే సాఫ్ట్‌వేర్ చరిత్రలో పెద్ద పేచీ.

ఆ పేచీ ఏమిటో ఒక బిల్లు మీద చూడవచ్చు. చిక్కడపల్లిలో ఒక టిఫిన్ హోటల్ కోసం బిల్లు కట్టే ప్రోగ్రామ్ రాశారనుకుందాం. పైన 'పన్నుశాతం = 5' అని రాసి, దాని కింద 'బిల్లు' అనే ఫంక్షన్ పెట్టారు. ధర ఇస్తే అది 'ధర + ధర × పన్నుశాతం / 100' లెక్కగట్టి చెబుతుంది. రెండు వందల టిఫిన్‌కు 210 రూపాయలు. కొన్నాళ్ళకు మరో ప్రోగ్రామర్ వచ్చి, వేరే సేవల లెక్క కోసం తన ఫంక్షన్‌లో 'పన్నుశాతం = 18' అని రాసుకున్నాడు. మధ్యలో అవసరపడి పాత 'బిల్లు'ను కూడా అక్కడి నుంచే పిలిచాడు. ఇప్పుడు ఆ రెండు వందల టిఫిన్‌కు బిల్లెంత? ఫంక్షన్ రాసిన చోట ఉన్న పన్నుశాతం తీసుకుంటే 210. పిలిచిన చోట ఉన్నది తీసుకుంటే 236. మొదటి ప్రోగ్రామర్ ఒక్క అక్షరం మార్చలేదు, రెండోవాడు ఆయన ఫైలు తెరిచి కూడా చూడలేదు. అయినా బిల్లు 26 రూపాయలు పెరిగిపోతుంది.

సరిగ్గా ఇలాంటి దెబ్బే తొలి రోజుల్లో లిస్ప్ భాషకు తగిలింది.

1958లో అమెరికాలోని ఎంఐటీలో జాన్ మెకార్థీ లిస్ప్‌కు శ్రీకారం చుట్టాడు. 1960 ఏప్రిల్‌లో అచ్చయిన ఆయన పత్రంలో 'ఈవాల్' అనే ఫంక్షన్ ఉంది. ఏ సూత్రమిచ్చినా దాని విలువ తేల్చడం దాని పని. అందుకోసం అది పేరు, విలువ జంటలున్న ఒక జాబితాను దగ్గర పెట్టుకుంటుంది. సూత్రంలో పేరు ఎదురైతే జాబితాను మొదటి నుంచి చూసుకుంటూ పోయి, ముందుగా తగిలిన జంటలోని విలువను తీసుకుంటుంది. ఫంక్షన్‌ను పిలిచినప్పుడల్లా కొత్త జంటలు వచ్చి జాబితా ముందు చేరతాయి. చూడ్డానికి ముచ్చటైన ఏర్పాటు. మెకార్థీ దీన్ని కాగితం మీది సిద్ధాంతంగానే రాశాడు. ఆయన దగ్గర పనిచేసే స్టీవ్ రసెల్ దాన్ని యంత్రం మీద నడుపుతానన్నాడు. ఇది చదువుకోవడానికి రాసింది, నడపడానికి కాదని మెకార్థీ వారించినా వినకుండా, ఐబీఎం 704 యంత్రభాషలోకి చేత్తో దింపి నడిపి చూపించాడు. లిస్ప్ అలా బతికిన భాష అయింది.

అక్కడే జేమ్స్ స్లాగిల్ అనే పరిశోధకుడు ఉండేవాడు. చూపు కోల్పోయిన మనిషి. 1961లో ఆయన పూర్తి చేసిన 'సెయింట్' అనే ప్రోగ్రామ్ ఎంఐటీ మొదటి ఏడాది విద్యార్థుల సమాకలనం లెక్కలు చేసేది. ఆ లెక్కలు ఎంత కష్టపెడతాయో నల్లకుంటలో వేలమందికి తెలుసు. 1980ల నుంచి చుక్కా రామయ్య ఐఐటీ కోచింగ్‌తో ఈ పేట పేరు రాష్ట్రమంతా మోగింది. ఆ కోచింగ్‌లో సీటు దొరకడానికే ఒక ప్రవేశ పరీక్ష ఉండేది. సమాకలనంలో ఒక రాశి బదులు ఇంకొకటి ప్రతిక్షేపించేటప్పుడు పాత రాశినీ కొత్త రాశినీ కలగాపులగం చేస్తే లెక్క మొత్తం తప్పుతుందని అక్కడి బల్లల మీద పిల్లలు తెల్లవారుజాము నుంచే నేర్చుకున్నారు. స్లాగిల్‌కు ఎదురైందీ ఆ జాతి కష్టమే. ఆయన ఒక ఫంక్షన్ రాసి, దానికి ఇంకో ఫంక్షన్‌ను సరుకుగా అందించాడు. రాసిన తీరులో తప్పు లేదు, జవాబు మాత్రం తప్పొచ్చింది. లోపలి ఫంక్షన్‌లోని పేరుకు అది రాసిన చోటి విలువ కాక, పిలిచిన చోటి విలువ వచ్చి తగులుకుంది.

ఇది మామూలు పొరపాటే, రసెల్ సరిచేస్తాడులే అనుకున్నానని మెకార్థీ తర్వాత లిస్ప్ చరిత్ర రాస్తూ దాపరికం లేకుండా చెప్పాడు. రసెల్ సరిచేశాడు కూడా. ఫంక్షన్‌తో పాటు అది పుట్టినప్పటి పేర్ల జాబితానూ మూటగట్టి పంపే ఏర్పాటు చేశాడు. దానికి 'ఫునార్గ్' అని పేరు. కానీ దాన్ని ప్రోగ్రామర్ గుర్తుపెట్టుకుని అడిగి మరీ వాడాలి, అడగకపోతే పాత తీరే. చిక్కు ఎక్కడో ఒక వరసలో లేదని, భాష పునాదిలోనే ఉందని తేలడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది.

మెకార్థీ 1962లో స్టాన్‌ఫర్డ్‌కు మారాడు. అక్కడ ఆయన శిష్యుడైన తెలుగువాడు రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ కళాశాలలో ఇంజినీరింగ్ చదివి, ఆస్ట్రేలియాలో పై చదువు, ఐబీఎంలో ఉద్యోగం చేసి, 1966లో మెకార్థీ దగ్గర పీహెచ్‌డీ అందుకున్నాడు. ఆయన పట్టుకున్న విషయం పేర్ల చిక్కు కాదు, యంత్రం చేత మనిషి మాటలు గుర్తింపజేయడం. అయితే చెవిన పడ్డ శబ్దం ఏ మాటో తేల్చాలంటే దాని చుట్టూ ఉన్న మాటల్ని చూడక తప్పదు. సందర్భం నుంచి అర్థం రాబట్టే ఆ పనిలో ఆయన జీవితమంతా గడిచింది. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. ఆ గౌరవం దక్కిన తొలి ఆసియా మనిషి ఆయనే. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పాలక మండలికి చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్నదీ ఆయనే.

లిస్ప్ తడబడుతున్న రోజుల్లోనే అట్లాంటిక్ ఆవలి ఒడ్డున జవాబు సిద్ధమవుతూ ఉంది. 1960 జనవరిలో పదమూడు మంది నిపుణులు పారిస్‌లో కూర్చుని ఆల్గాల్ 60 భాషను తీర్చిదిద్దారు. అందులో ప్రోగ్రామ్‌ను గదులు గదులుగా కట్టుకోవచ్చు. పేరు ఎదురైతే ముందు అది రాసి ఉన్న గదిలో, దొరక్కపోతే దాన్ని చుట్టి ఉన్న పెద్ద గదిలో వెతకాలి. ఎవరు పిలిచారన్నదానితో పనిలేదు. 1964లో బ్రిటన్‌కు చెందిన పీటర్ లాండిన్, సూత్రాలకు యంత్రం విలువ ఎలా కట్టాలన్న విషయం మీదే ఒక పత్రం రాశాడు. ఫంక్షన్‌నూ, అది పుట్టిన చోటి పేర్లనూ కలిపి ఒకే మూటగా చూడాలన్నాడు. ఆ మూటకు ఆయన పెట్టిన పేరే 'క్లోజర్'. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో కుర్రాళ్ళను తప్పకుండా అడిగే ప్రశ్న ఇది.

1975లో ఎంఐటీలో జెరాల్డ్ సస్‌మన్, గై స్టీల్ 'స్కీమ్' అనే చిన్న లిస్ప్ తయారుచేసి, రాసిన చోటే పేరుకు ప్రమాణమని ఎంచుకున్నారు. ఆ తర్వాత వచ్చిన భాషల్లో ఎక్కువ ఆ దారే పట్టాయి. పట్టనివి ఏళ్ళ తరబడి పాట్లు పడ్డాయి. ఈమాక్స్ అనే ఎడిటర్‌లోని లిస్ప్‌కు ఈ సదుపాయం 2012లో గానీ రాలేదు.

ఇంతవరకు ఒంటి పేర్ల సంగతి. ప్రోగ్రాముల్లో జోడు పేర్లు కూడా ఉంటాయి. వాటిని 'విద్యార్థి.చిరునామా.వీధి' అని చుక్కలు పెట్టి రాస్తారు. ఇందులో 'విద్యార్థి' లాంటిదాన్ని ఆబ్జెక్ట్ అని, చుక్క తర్వాత వచ్చే పేర్లను ప్రాపర్టీలని అంటారు. హైదరాబాదు పాత ఇంటి నంబర్లలో ఈ తీరు ఎప్పటి నుంచో ఉంది. మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. నల్లకుంటలో 2-1 అని, నారాయణగూడలో 3-5 అని మొదలయ్యే నంబర్లు ఎన్నో కనిపిస్తాయి. మూడో అంకె ఒక్కటే ఇస్తే పోస్ట్‌మ్యాన్ ఏ గుమ్మానికీ చేరలేడు. ముందు వార్డు, అందులో బ్లాకు, అందులో ఇల్లు. చుక్కల పేరును యంత్రం తేల్చేదీ ఇదే వరసలో. మధ్యలో ఒక మెట్టు లేకపోతే అక్కడితో ఆగిపోతుంది. లేని ఆబ్జెక్ట్ నుంచి ప్రాపర్టీ చదవలేనంటూ వెబ్ పేజీల భాష జావాస్క్రిప్ట్ చూపించే ఎర్ర అక్షరాల లోపం ఇదే, హైదరాబాదు ఐటీ ఉద్యోగులకు రోజూ ఎదురయ్యేదే.

1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో నమూనా కట్టిన జావాస్క్రిప్ట్‌లో ఇంకో మెలిక ఉంది. అడిగిన ప్రాపర్టీ ఆబ్జెక్ట్‌లో లేకపోతే ప్రోటోటైప్ అనే దాని మాతృకలో, అక్కడా లేకపోతే ఆ మాతృకకు మాతృకలో వెతుకుతూ పైకి పోతుంది. 'సెల్ఫ్' అనే భాష నుంచి తెచ్చుకున్న పద్ధతి అది. ఒంటి పేరు గది నుంచి పెద్ద గదికి పోవడం, ప్రాపర్టీ ఆబ్జెక్ట్ నుంచి మాతృకకు పోవడం చాలా దగ్గరి పనులు. ఆబ్జెక్టులను క్లోజర్లుగా అర్థం చేసుకోవచ్చని కంప్యూటర్ శాస్త్రవేత్త ఉదయ్ రెడ్డి 1988లోనే ఒక పరిశోధన పత్రంలో చూపించాడు. ఈ విషయం మీద వచ్చిన ముఖ్యమైన రచనల్లో అదొకటి. మన ఇంజినీరింగ్ పాఠాల్లో దాని ఊసు ఇంకా బాగా వినబడాలి.

పేరు ఎక్కడ వెతకాలన్న ప్రశ్న తీరింది. వెతికి పెట్టమని ఎవరు అడగవచ్చన్న ప్రశ్న మాత్రం మిగిలింది. దాన్ని చిన్నచూపు చూసినందుకు జరిగిన నష్టం ఇంతా అంతా కాదు.

జావా భాషలో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే అపాచీ స్ట్రట్స్ అనే చట్రంలో, ఆబ్జెక్టుల ప్రాపర్టీలను చుక్కల దారిలో తేల్చడానికి ఓజీఎన్ఎల్ అనే చిన్న భాష ఉంది. బయటివారు పంపిన ఫైలు రకం తప్పుగా ఉంటే, ఆ తప్పు మాటను స్ట్రట్స్ లోప సందేశంలో చేర్చేది. తర్వాత ఆ సందేశాన్నే సూత్రమనుకుని విలువ కట్టేది. అంటే బయటివాడు రాసిన మాట సర్వర్ లోపల ఆజ్ఞగా మారేది. 2017 మార్చిలో దిద్దుబాటు వచ్చింది. అమెరికాలోని ఈక్విఫ్యాక్స్ సంస్థలో ఒక చోట దాన్ని ఎక్కించలేదు. మే నెలలో దొంగలు దూరారు. జులై చివరికి గానీ సంస్థకు తెలియలేదు. ఈలోగా దాదాపు 14.7 కోట్ల మంది వ్యక్తిగత వివరాలు పోయాయి.

నాలుగేళ్ళకు అంతకన్నా పెద్దది వచ్చింది. జావా ప్రోగ్రాములు తమ దినచర్య రాసుకోవడానికి వాడే లాగ్‌ఫోర్‌జేలో, డాలర్ గుర్తు వేసి ఫ్లవర్ బ్రాకెట్లలో ఏదైనా పేరు రాస్తే దాని విలువ తెచ్చి పెట్టే సదుపాయం ఉండేది. 2013లో దానికి కొత్త శక్తి చేర్చారు. పేరును ఈ యంత్రంలోనే కాక ఇంటర్నెట్‌లో దూరాన ఉన్న వేరే యంత్రంలోనూ వెతికి రాగలిగేది. ఇక లాగిన్ పేరు గడిలోనో, చాట్ పెట్టెలోనో అలాంటి వరస ఒకటి టైపు చేస్తే చాలు. దాన్ని రాసుకోబోయిన సర్వర్, దొంగ యంత్రానికి వెళ్ళి అక్కడి ప్రోగ్రామ్‌ను తెచ్చుకుని నడిపేది. 2021 నవంబరు 24న అలీబాబా క్లౌడ్ భద్రతా బృందం ఈ సంగతి లాగ్‌ఫోర్‌జేను నిర్వహించే అపాచీ సంస్థకు తెలిపింది. డిసెంబరు రెండో వారంలో లోకానికి తెలిసింది. తీవ్రత కొలమానంలో పదికి పది పడింది. ఆ నెలలో హైదరాబాదుతో సహా ప్రపంచమంతటా ఐటీ బృందాలు తమ సర్వర్లన్నీ గాలించాల్సి వచ్చింది.

లాగ్‌ఫోర్‌జే 2.15 కూర్పులో ఆ వెతుకులాటకు మామూలుగా తాళం వేశారు. అది చాలక 2.16లో సందేశాల్లోని పేర్లను తేల్చే సదుపాయాన్నే తీసేశారు. తనను తానే అడిగే పేరు ఇస్తే వెతుకులాట అంతులేకుండా తిరుగుతుందని తెలిసి 2.17 తెచ్చారు. ఇంకో రంధ్రం బయటపడ్డాక డిసెంబరు 28న 2.17.1 వచ్చింది. ఎన్నడో కొని మూల పెట్టిన సర్వర్లలో, పాత ఆఫీసు ప్రోగ్రాముల్లో అంతకు ముందటి లాగ్‌ఫోర్‌జే 2 ఇంకా ఉండే వీలుంది. అలాంటివి మీ చేతిలో ఉంటే, లేదా మీ ఇంట్లోని ఐటీ ఉద్యోగి చేతిలో ఉంటే, వాటిలోని లాగ్‌ఫోర్‌జే 2.17.1 గానీ ఆ పైది గానీ అవునో కాదో రేపే చూడండి.