షిల్లింగుల లెక్కలో రూపాయి: పౌండుతో మారకపు చరిత్ర, 1835–1975

రూపాయికీ బ్రిటిష్ పౌండుకూ మధ్య మారకపు రేటు, అంటే ఒక దేశపు నాణేనికి మరో దేశపు నాణెంలో పలికే వెల, చాలా కాలం బజారులో కంటే ప్రభుత్వ కార్యాలయాల్లో, అందులోనూ ఎక్కువగా లండన్‌లో, నిర్ణయమైంది. అందులో రెండు పెన్నీల తేడా వస్తే లాభం ఎవరిదయ్యేది, భారం ఎవరి నెత్తిన పడేది అన్న ప్రశ్నను వదిలేస్తే ఈ చరిత్ర వట్టి అంకెల పట్టికగా మిగులుతుంది.

మద్రాసు రాజధానిలో, దానిలో భాగమైన తెలుగు జిల్లాలతో సహా, 1818 వరకు సర్కారు లెక్కలు వరహాల్లో నడిచాయి. ఆ ఏడాది వరహాకు మూడున్నర రూపాయల చొప్పున వాటిని రూపాయల్లోకి మార్చారు. 1835లో ఈస్టిండియా కంపెనీ తన పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయిని ప్రవేశపెట్టింది. దాని బరువు ఒక తులం, అంటే 180 గ్రెయిన్లు. అందులో పన్నెండింట పదకొండు వంతులు మేలిమి వెండి. వెండి తెచ్చి ఇచ్చినవారికి టంకశాల కొద్దిపాటి రుసుము తీసుకుని రూపాయలు ముద్రించి ఇచ్చేది గనుక వెండి ధర ఎటు పోతే రూపాయి విలువ అటే పోయేది. ఇంగ్లండులో పౌండుకు ఆధారం బంగారం. ఈ రెండు లోహాల నిష్పత్తి పెద్దగా మారనంత కాలం, అంటే 1870ల ఆరంభం దాకా, రూపాయికి సుమారు 2 షిల్లింగులు పలికాయి. షిల్లింగుకు 12 పెన్నీలు, పౌండుకు 20 షిల్లింగులు కాబట్టి పౌండు దాదాపు పది రూపాయలకు వచ్చేది.

ఆ తరువాత జర్మనీ బంగారు ప్రమాణానికి మారి తన వెండిని అమ్మకానికి పెట్టడం, ఫ్రాన్సు వంటి దేశాలు వెండి నాణేల ముద్రణకు పరిమితి విధించడం, అమెరికాలోని నెవాడా గనుల నుంచి కొత్త వెండి వెల్లువెత్తడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. 1892–93 నాటికి రూపాయి సుమారు 1 షిల్లింగు 3 పెన్నీలకు పడిపోయింది. భారత ప్రభుత్వం ఏటా లండన్‌లో పౌండ్లలో చెల్లించాల్సిన అప్పుల వడ్డీలు, పింఛన్లు, సైనిక ఖర్చులను ‘హోం ఛార్జీలు’ అనేవారు. కోటి పౌండ్ల చెల్లింపుకు పాత రేటున పది కోట్ల రూపాయలు చాలితే కొత్త రేటున పదహారు కోట్లు కావాలి. ఆ ఆరు కోట్లూ పన్నుల రూపంలో రావలసిందే. ఇంటికి డబ్బు పంపుకొనే ఐరోపా అధికారుల నష్టం పూడ్చడానికి 1893లో ప్రత్యేక భత్యం మంజూరైంది. శిస్తు కట్టే రైతుకు అటువంటి భత్యాన్ని ఎవరూ ఊహించలేదు.

హెర్షెల్ కమిటీ సిఫారసు మేరకు 1893 జూన్ 26న టంకశాలల్లో ప్రజలకు వెండి నాణేలు ముద్రించి ఇవ్వడం ఆగిపోయింది. నాణేల సరఫరా బిగుసుకుంటే వెండి ధరతో పనిలేకుండా రూపాయి విలువ పెరుగుతుందన్నది ఇందులోని ఆలోచన. ఒకటి రెండేళ్లు రేటు ఇంకా దిగజారినా 1898 నాటికి 1 షిల్లింగు 4 పెన్నీలకు చేరింది. ఫౌలర్ కమిటీ దానినే ఖరారు చేయడంతో పౌండు 15 రూపాయలైంది. పదహారు అణాల రూపాయికి పదహారు పెన్నీలు, అంటే అణాకు ఒక పెన్నీ. లెక్క ఎంత ముచ్చటగా కుదిరినా, రూపాయి విలువను కృత్రిమంగా పెంచడమంటే రైతు చెల్లించే శిస్తును చాటుగా పెంచడమేనన్న దాదాభాయ్ నౌరోజీ విమర్శకు అది జవాబు కాలేదు.

మొదటి ప్రపంచయుద్ధం ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. వెండి ధర ఆకాశానికెక్కి, నాణెం ముఖవిలువ కంటే అందులోని లోహమే ఖరీదయ్యే స్థితి రావడంతో రేటును విడతలవారీగా పెంచుతూ పోయి 1919 డిసెంబరులో 2 షిల్లింగుల 4 పెన్నీలకు చేర్చారు. బాబింగ్టన్ స్మిత్ కమిటీ బంగారం లెక్కన 2 షిల్లింగుల రేటును సిఫారసు చేయగా, దానిలోని ఏకైక భారతీయ సభ్యుడు దాదీబా దలాల్ ఒక్కరే 1 షిల్లింగు 4 పెన్నీలు చాలునని అసమ్మతి తెలిపారు. ఆయన మాట నిజమని తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. ఎక్కువ రేటును నిలబెట్టాలని ప్రభుత్వం 1920లో లండన్‌లోని నిల్వల నుంచి పౌండ్లను చౌకగా అమ్మింది. కోట్ల పౌండ్లు కరిగిపోయాయి, అందిన కాడికి కొన్నవారు లాభపడ్డారు, 1921లో రేటు పాత 1 షిల్లింగు 4 పెన్నీల కంటే కూడా కిందికి జారింది.

ఇంత జరిగినా 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ 1 షిల్లింగు 6 పెన్నీలనే ఎంచుకుంది. కమిషన్ సభ్యుడు పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ అసమ్మతిని తోసిపుచ్చి 1927 చట్టం పౌండును 13 రూపాయల 5 అణాల 4 పైలుగా స్థిరపరిచింది. పాత 1 షిల్లింగు 4 పెన్నీలతో పోలిస్తే రెండు పెన్నీల ఈ తేడా రూపాయిని ఎనిమిదో వంతు ఖరీదు చేసింది. విదేశీ బట్ట ఆ మేరకు చవకై బొంబాయి మిల్లులతో పోటీ పడగా, విదేశీ ధరలను బట్టి అమ్ముడయ్యే పత్తికి, వేరుశనగకు చేతికొచ్చే రూపాయలు తగ్గాయి. నిజాం రాజ్యంలో సొంత నాణెమైన హాలీ సిక్కా నడిచేది. అక్కడ కల్దార్ అనే నూరు బ్రిటిష్ రూపాయలకు దాదాపు నూట పదిహేడు హాలీ రూపాయలు ఇవ్వవలసి ఉండటంతో ఇంగ్లండు సరుకు వెల రెండు మారకాలు దాటి వచ్చేది.

1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలినప్పుడు రూపాయిని అదే రేటున పౌండుకు కట్టివేశారు. ఆర్థికమాంద్యంలో పంటల ధరలు కూలిన కుటుంబాలు అమ్ముకున్న నగల బంగారం పెద్ద ఎత్తున ఓడలెక్కింది. స్వాతంత్ర్యం వచ్చినా ఆ ముడి వెంటనే విడిపోలేదు. 1949లో పౌండు విలువ తగ్గిస్తే రూపాయి విలువనూ అంతే తగ్గించారు కాబట్టి వాటి పరస్పర రేటు చెక్కుచెదరలేదు. 1966 జూన్ 6న భారత ప్రభుత్వమే రూపాయి విలువ తగ్గించినప్పుడు పౌండు 21 రూపాయలైంది. మరుసటి ఏడాది నవంబరులో బ్రిటన్ పౌండు విలువ తగ్గించగా రూపాయి ఈసారి వెంట వెళ్లలేదు, పౌండు 18 రూపాయలకు దిగింది. 1972లో పౌండు స్థిర రేటును వదిలి తేలిపోయాక దానికి కట్టుబడి ఉండటంలో అర్థం తగ్గిపోయి, 1975 సెప్టెంబరులో రూపాయిని కొన్ని దేశాల కరెన్సీల సమూహానికి ముడివేశారు. అయితే రిజర్వ్ బ్యాంకు మార్కెట్లో జోక్యానికి పౌండునే వాడుతూ వచ్చింది, ఆ పని డాలరు చేతికి పోవడానికి 1990ల ఆరంభం దాకా పట్టింది.