ఏమీ జరగని రోజు ఫొటో

బెలుం గుహల ఫొటోలు ఎవరి ఫోన్లో చూసినా దాదాపు ఒకేలా ఉంటాయి. బయట బుద్ధుడి విగ్రహం ముందు ఒకటి, లోపల కోటిలింగాల దగ్గర పచ్చని దీపాల వెలుగులో ఒకటి, పాతాళగంగ దారిలో చెమటలు కక్కుతూ ఒకటి. అందులో తప్పేం లేదు. అంతదూరం వెళ్లినవాళ్లు ఒక ఆనవాలు తెచ్చుకోవాలనుకుంటారు. కానీ ఆ గుహలున్న కొలిమిగుండ్ల మండలంలో, దాని చుట్టూ ఉన్న నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో ఆ ఫొటోల్లో కనిపించదు. ఏదో విశేషం ఉంటేనే మనం కెమెరా తీస్తాం. అందుకే మన చరిత్రలో మామూలు రోజులే ఎక్కువగా గల్లంతయ్యాయి.

ఈ ప్రాంతం మీదుగా వెళ్తూ రోజువారీ సంగతులు రాసిపెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు, ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసేవాడు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. వెళ్లేటప్పుడు తిరుపతి, కడప మీదుగా వచ్చి అహోబిలం, మహానంది చూసుకుని శ్రీశైలం ఎక్కాడు. బెలుం ఆయన దారికి పడమరగా ఉండిపోయింది. ఏ ఊళ్లో దిగారు, నీళ్లు బాగున్నాయా, అంగళ్లున్నాయా, సరుకులు దొరుకుతాయా, బసకు నీడ ఉందా, దారి ఎలాంటిది, ఇవన్నీ గుడి సంగతులతో సమానంగా రాశాడు. మజిలీ మజిలీకీ రాసినవి మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు పంపాడు. అలా పుట్టిన ‘కాశీయాత్ర చరిత్ర’ ఆయన పోయాక, 1838లో అచ్చయింది. ఫొటో తీసే విద్య ఫ్రాన్సులో లోకానికి వెల్లడైంది ఆ మరుసటేడే, 1839లో.

ఆ పుస్తకంలో గొప్ప సంగతేమీ జరగని మజిలీలే నాకు ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. అహోబిలం గుడి గురించి చెప్పడానికి శాసనాలున్నాయి, స్థలపురాణముంది. దిగువ అహోబిలంలో దిగిన బాటసారికి ఆ పూట వంటకు సరుకులు దొరికాయా లేదా అన్నది చెప్పడానికి మాత్రం వీరాస్వామయ్య లాంటివాడే కావాలి. అలిసిపోయిన సాయంత్రం కూడా నాలుగు ముక్కలు రాసి పెట్టినవాడు.

ఆయన ఈ దారిన వెళ్లిన పదహారేళ్లకు రేనాడు, అంటే ఈ ప్రాంతమే, భగ్గుమంది. కంపెనీ పాలన మీద తిరగబడ్డ పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను ఏళ్ల తరబడి కోట గుమ్మానికి వేలాడదీశారు. ఆ వీరుడి ముఖం ఎలా ఉండేదో చూపే ఫొటో లేదు. 2019లో ‘సైరా’ సినిమా చూసిన పిల్లలకు నరసింహారెడ్డి అంటే చిరంజీవే. పాలెగాడి సంగతే ఇలా ఉంటే, ఆయన వెంట నడిచిన బోయల, చెంచుల ముఖాలు ఎవరికి తెలుసు?

వీరాస్వామయ్య కలంతో చేసిన పనిని కెమెరాతో పట్టుదలగా చేసినవాడు అమెరికాలో ఉన్నాడు. పేరు జేమీ లివింగ్‌స్టన్. న్యూయార్క్ రాష్ట్రంలోని బార్డ్ కాలేజీలో చదువుకునే రోజుల్లో, 1979 మార్చి 31న ఒక పోలరాయిడ్ ఫొటో తీశాడు. అప్పటినుంచి రోజుకు ఒక్కటే. దాని తర్వాత అంతకన్నా మంచి దృశ్యం ఎదురైనా ఆ రోజుకి అంతే. స్నేహితులు, భోజనాల బల్లలు, వీధులు, ప్రయాణాలు, చివరికి ఆసుపత్రి గది. మెదడులో కణితితో 1997 అక్టోబరు 25న, తన 41వ పుట్టినరోజునాడే కన్నుమూశాడు. ఆ రోజుకీ ఫొటో ఉంది. ఆరున్నర వేలకు పైగా ఉన్న ఆ ఫొటోలను మిత్రులు హ్యూ క్రాఫర్డ్, బెట్సీ రీడ్ పదేళ్ల తర్వాత అదే కాలేజీలో ప్రదర్శనకు పెట్టారు. విడిగా చూస్తే వాటిలో చాలావాటికి ప్రత్యేకత లేదు. వరసగా చూసేసరికి ఒక మనిషి పద్దెనిమిదేళ్ల బతుకు కళ్లముందు నడుస్తుంది.

ఇప్పుడు బెలుం చరిత్రను ఈ కంటితో చూడండి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. 1982–84 మధ్య డేనియల్ గెబావర్ నాయకత్వాన జర్మనీ నుంచి వచ్చిన బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ 46 మీటర్ల కింద ఉంది. 1988లో ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించేదాకా చుట్టుపక్కలవాళ్లు చెత్త పారబోసింది ఈ గుంతల్లోనే. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ పని మొదలుపెట్టి, లోపల పేరుకున్న బురదా రాళ్లూ ఎత్తి, దారులు వేసి, దీపాలు పెట్టి, గాలి అందే ఏర్పాట్లు చేసి, 2002 ఫిబ్రవరిలో జనాన్ని లోపలికి పంపింది. ఇవాళ ఒకటిన్నర కిలోమీటరు దాకా నడిచి చూడవచ్చు.

ఈ తేదీలన్నీ కాగితాల్లో దొరికేవే. నా మనసు మాత్రం 1999కీ 2002కీ మధ్య ఉన్న రోజుల మీదే ఉంటుంది. ఒంగి నడవాల్సిన సందుల్లోంచి బురద తట్టలు ఎత్తినవాళ్లెవరు? చేతులు మార్చుకుంటూ పైకి అందించారా, తాళ్లతో లాగారా? మధ్యాహ్నం గుహ బావిలాంటి నోటి దగ్గర కూర్చుని ఏ సద్ది విప్పుకున్నారు? దీపం వేసి మొదటిసారి పైనుంచి వేలాడే సున్నపు ఊడల్ని చూసినప్పుడు ఏమన్నారు? ఆ మూడేళ్లూ ఎవరైనా రోజుకొక్క ఫొటో తీసి ఉంటే వెయ్యి ఫొటోలు ఉండేవి. ప్రారంభోత్సవం రోజు ఫొటోలు వంద ఉన్నా వాటికి సాటిరావు. అది రీలు కాలం, నిజమే. ముప్పయ్యారు ఫొటోల రీలు కొని, కడిగించి, ప్రింట్లు వేయించాలంటే పెళ్లికే వెనకాముందాడేవాళ్లు. ఆ ఇబ్బంది ఇప్పుడు లేదు.

రోజుకో ఫొటో అన్నమాట గుహలో విచిత్రంగా ఉంటుంది. అక్కడ పగలూ రాత్రీ లేవు. మెట్లు దిగి ఆకాశం కనుమరుగయ్యాక దీపాలే సూర్యుడు. ఉక్కకు ఒళ్లు తడుస్తుంది, కళ్లజోడు మసకబారుతుంది, ఫోన్ కెమెరా అద్దాన్ని చొక్కా కొసతో రెండుమూడుసార్లు తుడవాల్సి వస్తుంది. పైనుంచి దిగిన సున్నపు ఊడలు ఒక మనిషి జీవితకాలంలో వేలి మందం కూడా పెరగకపోవచ్చు. అలాగని అక్కడ ఏమీ మారదనుకోకూడదు. విద్యుద్దీపాలు పెట్టిన గుహల్లో దీపం పక్క రాతి మీద సన్నగా ఆకుపచ్చ నాచు పట్టడం ప్రపంచమంతా ఉన్న బెడద. చేతులు తగిలి తగిలి రాయి రంగు మారుతుంది. వాన పడ్డాక ఊట పెరుగుతుంది. ఒకేచోట నిలబడి, ఒకే కోణంలో రోజూ తీసిన ఫొటోల్లో ఇవన్నీ పట్టుబడతాయి. అందంకోసం తీసినవి కాకపోయినా, గుహను కాపాడేవాళ్లకు అవి పనికొచ్చినట్టు వేరేవి పనికిరావు.

ఇక పైకి వస్తే, గుహను పుట్టించిన సున్నపురాయే ఈ సీమకు అన్నం పెడుతోంది. భూమికింద నీళ్లు లక్షల ఏళ్లు కరిగించి గుహ చేసిన రాయినే, భూమి పైన మనుషులు పలకలుగా చీల్చి నాపబండలు చేస్తున్నారు. మరికొంత సిమెంటు ఫ్యాక్టరీలకు పోతోంది. కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు గనుల్లో బండ లేపే కూలీ, పాలిష్ మిషన్ దగ్గర మోకాళ్లదాకా తెల్లని బురదలో నిలబడ్డ కుర్రాడు పడ్డ కష్టమే రాష్ట్రంలో ఎన్నో ఇళ్ల వరండాల్లో పరుచుకుని ఉంది. వాళ్ల ఫొటో ఎవరి దగ్గరుంది?

ఆళ్లగడ్డ వెళ్లండి. శిల్పుల షెడ్లు రోడ్డు పక్కనే. మొదటిరోజు ఒక నల్లరాతి దిమ్మె, దాని మీద గీసిన గీతలు. వారం తిరిగేసరికి భుజం తేలుతుంది, తర్వాత కిరీటం. మిషన్ కట్టర్ లేపిన పొడికి శిల్పి కనురెప్పలు బూడిదరంగుకి తిరుగుతాయి, ముక్కుకి తువ్వాలు కట్టుకుంటాడు. ముఖం దగ్గరికి వచ్చేసరికి మిషన్ పక్కన పెట్టి ఉలి అందుకుంటాడు. పూర్తయిన విగ్రహం లారీ ఎక్కి ఏ ఊరి గుడికో పోతుంది, అక్కడ దానికి వేల ఫొటోలు తీస్తారు. ఆ షెడ్డు ముందు నెలపాటు రోజూ ఒక్కసారి ఆగి తీసిన ఫొటోల్లో అయితే రాయితోపాటు మనిషి కూడా ఉంటాడు.

ఈ పని కొలిమిగుండ్ల హైస్కూలు పిల్లలు మొదలుపెట్టాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. రోజుకో విద్యార్థి, రోజుకు ఒక్కటే ఫొటో. ఆ ఒక్కటీ ఏదో తేల్చుకోవడంలోనే పిల్లలకు తమ ఊరు కనిపించడం మొదలవుతుంది. టికెట్ చించే చేయి, మిరప కళ్లం, నీళ్ల ట్యాంకరు, బస్సు కోసం ఎదురుచూసే గర్భిణి, సెలవురోజు ఖాళీగా ఉన్న పార్కింగు. ఎవరినైనా తీసేముందు అడగాలి. కింద తేదీ, ఊరు, ఆ మనిషి చేస్తున్న పని, ఒప్పుకుంటే పేరు రాయాలి. ఇవి లేని ఫొటో పదేళ్లకు ఎవరిదో, ఎక్కడిదో చెప్పలేం. ఫోన్లు పాడవుతాయి కాబట్టి నెలకోసారి ప్రింట్లు తీయించి, ఒక వరస బడిలో, ఒక వరస నంద్యాల గ్రంథాలయంలో ఉంచాలి. వీరాస్వామయ్య రాతలు మనదాకా వచ్చాయంటే శ్రీనివాసపిళ్ల వాటిని భద్రం చేశాడు కాబట్టే. లివింగ్‌స్టన్ ఫొటోలకు స్నేహితులున్నారు. కొలిమిగుండ్ల పిల్లల ఫొటోలకు ఆ బాధ్యత తీసుకునే ఒక మాస్టారు, ఒక లైబ్రేరియన్, ఒక ఇనప బీరువా ముందు కుదరాలి.