చింతాద్రిపేట – మగ్గముల పల్లె

చెన్నపట్టణమున కూవము నది విల్లువలె వంగి ప్రవహించుచోట చింతాద్రిపేట యున్నది. నేడది మహానగరము నడుమ నిరుకువీథులతో, మోటారు సామానుల యంగళ్లతో నిండిన పేట. ఇది యొకప్పుడు నేతపనివారి నివాసమునకై ప్రత్యేకముగ నిర్మింపబడిన గ్రామమని మన సంఘబంధువులలో ననేకు లెరుగరు.

తెలుగువారి చెవికి చింతాద్రి యన నేదో కొండపేరుగ దోచును. అచట కొండ లేదు. "చిన్న తఱి పేట్టై" యను నరవపేరే యిట్లు మారినది. తఱి యనగా మగ్గము. చిన్న మగ్గముల పేట యని యర్థము. ఈ విధముగ మన పలుకుబడిలో పడి మగ్గము కొండయైనది!

పదునెనిమిదవ శతాబ్ది తొలిదినములలో నాంగ్లేయ కుంపిణీకి బట్టల వ్యాపారమే ప్రాణము. కుంపిణీవారు వర్తకులకు బయానా లిత్తురు. వర్తకులు పల్లెలలోని నేతవారి కిత్తురు. నేసిన బట్ట యనేక చేతులు మారి కోటకు చేరవలెను. కావున నేతవారినే కోట చెంతకు రప్పించుట మేలని తలచి, 1734వ సంవత్సరమున గవర్నరు జార్జి మార్టన్ పిట్టు కాలమున నీ పేటకు పునాది వేసిరి. కుంపిణీకి ప్రధానవర్తకుడుగ నుండిన సుంకురామ చెట్టి తోటభూమి యిందులకు వినియోగింపబడెను. నూలు వడకువారు, నేయువారు, బట్టలపై చిత్తరువులు వ్రాయువారు, ఉదుకువారు, అద్దకపువారు, వీరితోపాటు బ్రాహ్మణులును దేవాలయ పరిచారకులును మాత్రమే యిందు నివసింపవలెనని నిర్ణయము.

నదీతీరమును గోరుట కారణము లేని పని కాదు. అద్దకమునకును, చలువకును నీరు కావలెను; తడిబట్ట నారవేయుటకు బయలు కావలెను; నేతకు నీడనిచ్చు చెట్లు కావలెను. పేట నడుమ నాదికేశవ పెరుమాళ్లకును, ఆదిపురీశ్వరునకును జంట యాలయములు వెలసినవి. వాని నిర్మాణముతో ఆదియప్ప నారాయణ చెట్టి పేరు ముడివడి యున్నది. శివకేశవుల నిరువురను నొక్కచోట గొలిచిన యా గుడులు నేటికిని నిలిచియున్నవి.

1746లో కోట ఫ్రెంచివారి వశమై, 1749లో మరల నాంగ్లేయులకు దక్కెను. అంతటి సంక్షోభమునకును పేట చెదరలేదు. ఫిరంగులు చేయజాలని పనిని సీమయంత్రములు చేసినవి. 1813లో కుంపిణీకి హిందూదేశ వర్తకముపై గల గుత్త తొలగెను. 1833 శాసనముతో దాని వర్తకమే ముగిసెను. మరనూలును మరబట్టయు నోడలలో వచ్చి పడినవి. పిలిచి కూర్చుండబెట్టిన యజమానికి బట్ట యక్కరలేకపోయినది. పల్లె క్రమముగ పట్టణములో గలిసెను. కూవము పట్టణపు మురుగును మోయునదయ్యెను. 1995లో నా తీరముననే యెత్తయిన కట్టడముపై రైలు నడచెను.

ఇందు మనము గ్రహింపవలసిన దేమి? ఆ నేతవారికి నేర్పు కొరవడలేదు, శ్రద్ధ కొరవడలేదు. స్థలమును, పెట్టుబడియు, గిరాకియు నొక్కని చేతిలో నుండుటయే వారి దౌర్బల్యము. కొనువాడు మరలిపోయిన నాడు మగ్గమునకు దిక్కులేకపోయెను. చెన్నరాజధానిలో 1935లో చేనేతవారి సహకారసంఘము, నేడు కో-ఆప్టెక్సు అనబడునది, ఏర్పడుట యీ లోపమును దీర్చు యత్నమే. అమ్మకము నేతవాని చేతికి రావలెనను నా సూత్రము మనకెన్నడును మరపునకు రారాదు.

మరియొక మనవి. ఇండ్లలో పెట్టెల యడుగున నున్న దానపత్రములు, గుడి లెక్కలు, అద్దకపు టచ్చులు, మగ్గపు పనిముట్ల పేళ్లు వృద్ధులు జీవించియుండగనే సేకరింపవలెను. పోషకులైన మహాశయు లిందులకు ద్రవ్యసహాయ మొనర్తురు గాక! చింతాద్రిపేటలో మగ్గపు చప్పుడు చరిత్రలో గలిసెను. పేరులోని మగ్గమునైనను మన సంతతివారు గుర్తింపవలయును గదా!